"300 అక్షరాలు" అని ఫారంలో పెడితే తెలుగులో రాసేవాళ్లది మధ్యలో తెగిపోతోంది, లెంగ్త్ చెక్ ఎలా పెట్టాలి?

గోదారి_గట్టు
అందరికీ నమస్తే. మాదో చిన్న సాహితీ సంఘం, సంక్రాంతికి కథల పోటీ పెడుతుంటాం. ఇదివరకు కథలు పోస్టులో వచ్చేవి, ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఫారం ఉంది. ఎవరో కుర్రాడు చేసిచ్చి వెళ్లాడు, ఇప్పుడు దాన్ని చూసుకునే పని నా మీద పడింది. నాకు పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పనికి సరిపడా వచ్చు, అంతకు మించి ఆశపడకండి.

ఫారంలో రచయిత పేరు, ఫోను, కథ పేరు, కథ సారాంశం ఉంటాయి, కథ ఫైలు విడిగా అప్‌లోడ్ చేస్తారు. సారాంశం బాక్సుకి మ్యాక్స్‌లెంగ్త్ (ఎంత పొడుగు దాకా రాయనివ్వాలో చెప్పే సెట్టింగ్) 300 పెట్టి ఉంది, కరపత్రంలో కూడా "300 అక్షరాలు మించరాదు" అని అచ్చేశాం. ఇప్పుడు మూడు రకాల గొడవలు వస్తున్నాయి. ఒకాయన ఫోన్ చేసి నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుని 180 అక్షరాలు రాశానండీ, మీ బాక్సేమో ఇక చాలంటోంది అని తగువు. ఇంకొందరు వాట్సాప్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే చివరి వాక్యాలు మాయం, వాళ్లు చూసుకోకుండా పంపేస్తున్నారు. అన్నిటికంటే విచిత్రం ఏంటంటే బాక్సులో 280 దాకా పట్టిన సారాంశాలు కూడా డేటాబేస్‌లో చూస్తే 105, 110 దగ్గర ఆగిపోయి ఉన్నాయి, చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తు. ఎర్రర్ మాత్రం ఎక్కడా రావట్లేదు. ఎక్కడ చూడాలో చెప్పండి.

ఓరుగల్లు_కోడర్
అక్కా, ఫస్ట్ ఆ 180 పెద్దాయన సంగతి చెప్త. మ్యాక్స్‌లెంగ్త్ మనం బళ్లె నేర్చుకున్న అక్షరాలని లెక్కపెట్టదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి, అన్నీ విడివిడిగ లెక్కకొస్తయి. "తెలుగు" అంటే మనకు మూడక్షరాలు, బ్రౌజర్‌కి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. "స్త్రీ" మనకు ఒక్కటే, దానికి అదీ ఆరే. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. గిట్ల 180 అక్షరాల తెలుగు 300 దాటుడు పెద్ద విచిత్రం కాదు, ఆయన లెక్క ఆయనకి కరెక్టే.

హెచ్‌టీఎంఎల్ స్పెసిఫికేషన్ల మ్యాక్స్‌లెంగ్త్, మిన్‌లెంగ్త్ రెండింటికీ యూటీఎఫ్-16 (కంప్యూటర్ల అక్షరాలని దాచే ఒక పద్ధతి) కోడ్ యూనిట్ల లెక్కనే రాసి ఉంటది. జావాస్క్రిప్ట్ లెంగ్త్ కూడా అదే. తెలుగు గుర్తు ఏదైనా ఒక యూనిట్, స్మైలీ అయితే మామూలుది రెండు. అమ్మ నాన్న ఇద్దరు పిల్లలు ఉన్న ఫ్యామిలీ స్మైలీ చూసినవా, అది ఒక్కటే 11.

పాత_చింతకాయ
అమ్మా, 105, 110 దగ్గర ఆగుతోందన్నారే, అసలు రోగం అక్కడుంది. 300ని మూడుతో భాగించండి. వెబ్ పేజీలు అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8, అందులో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు, స్పేసూ కామా ఫుల్‌స్టాపూ 1 బైటు. మీ టేబుల్ ఎవరో లాటిన్1లో (అక్షరానికి ఒక్క బైటే ఇచ్చే పాత పద్ధతి) చేసి ఉంటారు, కనెక్షన్ కూడా లాటిన్1లోనే నడుస్తుంటుంది. పేజీ పంపే యూటీఎఫ్-8 బైట్లను మైఎస్‌క్యూఎల్ ఒక్కో బైటూ ఒక్కో అక్షరం అనుకుని లోపలేసుకుంటోంది. వర్‌క్యార్ 300, అంటే 300 అక్షరాలు పట్టాల్సిన కాలమ్, 300 బైట్లయింది, అంటే వంద గుర్తులు, స్పేసులు కలిసొచ్చి ఇంకో ఐదో పదో. తీసి చూపించేటప్పుడు అదే దారిలో వెనక్కి రావడంతో తెలుగు బాగానే కనిపిస్తుంది, అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

రూఢి చేసుకోవాలంటే షో క్రియేట్ టేబుల్ కొట్టండి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ టేబుల్‌ని యూటీఎఫ్-8 కనెక్షన్‌తో వేరే టూల్‌లో తెరిస్తే తెలుగుకి బదులు నెత్తిన గీతున్న ఇంగ్లీషు "ఎ"లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్‌మైనస్ గుర్తులు వరసగా కనిపిస్తాయి. తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్-8లో ఒకే బైటుతో మొదలవుతాయి, రెండోది రెండింట్లో ఒకటి, అందుకని అలా ఒకటే నమూనా తిరుగుతూ ఉంటుంది. చివర నల్ల డైమండ్ ఎందుకంటే స్పేసులు ఒక బైటే కాబట్టి 300వ బైటు దగ్గర కోత ఒక్కోసారి ఓ గుర్తు నడుం మీద పడుతుంది, మూడు బైట్లలో ఒకటో రెండో మిగిలి, అది ఏ అక్షరమూ కాక ఆ బొమ్మ వస్తుంది.

ఎర్రర్ రాకపోవడానికి కారణం స్ట్రిక్ట్ మోడ్ లేకపోవడం. 5.7 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, పొడుగెక్కువైతే డేటా టూ లాంగ్ అని మొహం మీదే చెప్తుంది. పాత సర్వర్లలోనూ, ఎవరో పనిగట్టుకుని ఆపేసినచోటా కత్తిరించి లోపలేసుకుని ఓ వార్నింగ్ పడేసి ఊరుకుంటుంది, ఆ వార్నింగ్ చదివే నాథుడెవడు?

గోదారి_గట్టు
మాస్టారూ, షో క్రియేట్ టేబుల్ కొట్టాను, డిఫాల్ట్ క్యారెక్టర్‌సెట్ లాటిన్1 అనే ఉంది. వేరే టూల్‌లో చూస్తే మీరు చెప్పిన నెత్తిగీతల "ఎ"లే పేజీ నిండా. స్ట్రిక్ట్ మోడ్ కాన్ఫిగ్ ఫైల్లోనే తీసేసి ఉంది. ఇప్పుడు ఆల్టర్ టేబుల్ కన్వర్ట్ టు యూటీఎఫ్8ఎంబీ4 అని కొట్టెయ్యనా?

పాత_చింతకాయ
ఆగండాగండి!! అలా కొడితే ఆ నెత్తిగీతల "ఎ"లనే నిజం అక్షరాలనుకుని వాటినే జాగ్రత్తగా యూటీఎఫ్-8లోకి మారుస్తుంది, అప్పుడు ఇంకో పొర మసి పడినట్టే. ముందు బ్యాకప్ తియ్యండి. తర్వాత ఆ కాలమ్‌ని వర్‌బైనరీ 300కి మార్చండి, అప్పుడు దానికి అక్షరాల సంగతి పట్టదు, ఉత్త బైట్లు. ఆ తర్వాత దాన్ని వర్‌క్యార్, యూటీఎఫ్8ఎంబీ4గా మార్చండి, ఉన్న బైట్లే తెలుగుగా చదువుకుంటుంది. నడుం విరిగిన అక్షరాలున్న వరసల దగ్గర రెండో మెట్టు మొరాయిస్తుంది, తప్పుడు స్ట్రింగ్ విలువ అంటుంది, ముందు ఆ చివరి ఒకటి రెండు బైట్లు కత్తిరించాలి. కనెక్షన్ కూడా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే పాత వరసలు బాగుపడి కొత్తవి చెడతాయి. ఇవన్నీ చేశాక కాలమ్ సైజు పెంచుకోండి, 1000 పెట్టుకున్నా నష్టమేం లేదు.

ఉత్త యూటీఎఫ్8 వద్దు, ఎంబీ4 అని ఉన్నదే పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అంటే 3 బైట్ల దాకానే. తెలుగుకి అది చాలు గానీ సారాంశం చివర ఎవరో దండం స్మైలీ పెట్టగానే 4 బైట్లు కావాలి, అక్కడ బోల్తా.

తెగిపోయిన భాగం మాత్రం ఇక రాదు. అది డేటాబేస్ లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు కదా.

సీమ_టపాకాయ
ఇంత యవ్వారం ఎందుకప్పా? లిమిట్ తీసేసి కాలమ్ టెక్స్ట్ అని పెట్టేస్తే పోలే? రాసేవోడు ఎంతైనా రాసుకోనీ, చదివేవోడు చదువుకోనీ.

ఓరుగల్లు_కోడర్
తీసేస్తే ఒక రోజు ఎవడో ఆడుకునేటోడు 5 ఎంబీ టెక్స్ట్ కొడ్తడు అన్నా. పీహెచ్‌పీల పోస్ట్ మ్యాక్స్ సైజ్ డిఫాల్ట్ 8 ఎంబీ, అప్పటిదాక లోపలికి వస్తనే ఉంటది. టెక్స్ట్ కాలమ్ కూడా అంతులేనిదేం కాదు, 65,535 బైట్లే, అంటే తెలుగుల ఇరవై రెండు వేల గుర్తులు కూడా పట్టయి. పాస్‌వర్డ్ బాక్సుకి లిమిట్ లేకపోతే ఏమైతదో 2013ల జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల బయటపడ్డది. మస్తు పొడుగు పాస్‌వర్డ్‌లు పంపితే హ్యాష్ చేసుడుతోనే (దాన్ని వెనక్కి తిప్పరాని గుర్తుగ మార్చుడు) సర్వర్ అలసిపోతుండె, సెక్యూరిటీ రిలీజ్ ఇయ్యాల్సి వచ్చింది. పాస్‌వర్డ్‌లు హ్యాష్ చేసే బీక్రిప్ట్ కథ ఇంకో తీరు, 72 బైట్ల తర్వాత ఏం రాసినా చాలా లైబ్రరీలు పట్టించుకోవు. పాస్‌వర్డ్ తెలుగుల పెట్టుకున్నోళ్లకి 24 గుర్తులతోనే ఖతం, ఆ తర్వాత ఏది కొట్టినా లాగిన్ అయితది.

సీమ_టపాకాయ
సరే బ్బా, లిమిట్ ఉండనీ. అయితే 300 అనేది ఎక్కడిది? ఎవరు నిర్ణయించినారు? సారాంశం 300 ఉంటే న్యాయనిర్ణేతలకి సుఖమా, లేకపోతే ఆ పిల్లోడు చేతికొచ్చిన అంకె కొట్టినాడా? నేను చూసిన ఫారాల్లో సగం లిమిట్లు ఇట్లే ఉంటాయి, 50, 100, 255. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు.

గోదారి_గట్టు
మంచి ప్రశ్నే అడిగారు, మా సెక్రటరీ గారిని అడిగాను. పోటీ పుస్తకంలో ఒక్కో కథకి సారాంశం ఆరేడు లైన్లు వస్తే చాలు అనుకున్నారట, ఆరేడు లైన్లంటే 300 అక్షరాలుంటాయని ఎవరో అన్నారట. వాళ్ల దృష్టిలో అక్షరాలంటే మామూలు అక్షరాలే.

అచ్చుతప్పు
నేను ఇలాంటి పోటీలకి కథలు పంపేవాడిని, డీటీపీ కూడా చేస్తాను, అవతలి గట్టు నుంచి రెండు మాటలు చెప్తాను. మాకు కోపం తెప్పించేది లిమిట్ ఉండటం కాదండీ, చెప్పకుండా కొయ్యడం. పేస్ట్ చేస్తాం, బాక్సు చిన్నది, పైన నాలుగు లైన్లే కనపడతాయి, చివర ఏమైందో కిందకి జరిపితే తప్ప తెలీదు. ఒకసారి నా కథ సారాంశం "ఆమె రాష్ట్" అని ఆగిపోయి అచ్చయింది. "రాష్ట్రం" అన్న మాటలో ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు దాకా తీసుకుని, ర, సున్న వదిలేసింది మహానుభావురాలు. ఇంగ్లీషులో మాట మధ్యలో తెగితే కనీసం అక్షరమన్నా నిలబడుతుంది, మనకి అక్షరమే సగానికి చీలుతుంది.

ఇంకోటి, మాలో చాలామంది ఇప్పటికీ "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేస్తారు. పేజ్‌మేకర్‌లోంచి కాపీ చేసి మీ బాక్సులో వేస్తే ఇంగ్లీషు పిచ్చిగీతలు వస్తాయి, అది యూనికోడ్ కాదు కదా. లెంగ్త్ చెక్ దాన్ని హాయిగా పాస్ చేసేస్తుంది. సారాంశంలో తెలుగు గుర్తులు ఒక్కటీ లేకపోతే "ఇది యూనికోడ్‌లో లేనట్టుంది, మార్చి పేస్ట్ చెయ్యండి" అని ఓ ముక్క చూపిస్తే మీకూ మాకూ తలనొప్పి తగ్గుతుంది. తెలుగు బ్లాక్ యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా అని మా వాడు చెప్పాడు, ఆ రేంజిలో ఒక్కటన్నా ఉందా లేదా చూస్తే చాలట.

డల్లాస్_దోసె
ఆయన చెప్పిన మాట నిజం, సైలెంట్‌గా కట్ చెయ్యడం అస్సలు కరెక్ట్ కాదు. బ్రిటిష్ గవర్నమెంట్ వాళ్ల డిజైన్ సిస్టమ్‌లో క్యారెక్టర్ కౌంట్ అని ఒక కాంపొనెంట్ ఉంది, చూడండి. అది టైప్ చెయ్యడాన్ని ఆపదు, ఎంతైనా రాయనిస్తుంది, కింద ఇన్ని మిగిలాయి అని చూపిస్తూ, దాటితే ఇన్ని ఎక్కువయ్యాయి అని చెప్తుంది. మనిషి తనే ఏ వాక్యం తీసెయ్యాలో చూసుకుంటాడు. కాబట్టి మ్యాక్స్‌లెంగ్త్ తీసేసి కౌంటర్ పెట్టండి.

కౌంటింగ్‌కి నా సలహా ఏంటంటే, పెద్దాయన లెక్కే కరెక్ట్ కాబట్టి బ్రౌజర్‌నే ఆయనలా లెక్కపెట్టమందాం. ఇంటల్ సెగ్మెంటర్ అని జావాస్క్రిప్ట్‌లో ఉంది, గ్రాఫీమ్ మోడ్‌లో (కంటికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని ఒకటిగా లెక్కేసే మోడ్) పెడితే "తెలుగు"కి మూడు ఇస్తుంది. క్రోమ్‌లో 87 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో కూడా 2024లో 125 వెర్షన్‌తో వచ్చేసింది. పీహెచ్‌పీ వైపు గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ ఉంది. అందరూ హ్యాపీ.

ఓరుగల్లు_కోడర్
అంత అల్కగ లేదు బ్రో. "తెలుగు" అని కొట్టి చూసినవ్, మంచిగనే ఉంది. "స్త్రీ" కొట్టి చూడు, అదీ రెండు వేర్వేరు వెర్షన్లల్ల. యూనికోడ్ 15.1 రాకముందు, అంటే 2023 సెప్టెంబర్ ముందటి రూల్స్ ప్రకారం పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడ తెంపుతది. స్ ఒకటి, త్ ఒకటి, రీ ఒకటి, మూడు. 15.1ల కొత్త రూల్ పెట్టిన్రు, తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంల సంయుక్తాక్షరాన్ని తెంపొద్దని. గప్పటి నుంచి "స్త్రీ" ఒకటి. ఇప్పుడు చూడు, కొత్త ఫోన్ల ఒకటి, మూడేండ్ల కింద ఆగిపోయిన ఫోన్ల మూడు, సర్వర్ల ఈ యూనికోడ్ రూల్స్ నడిపే ఐసీయూ లైబ్రరీ పాతదైతే అక్కడ మూడు. ఒత్తులు ఎక్కువున్న సారాంశానికి కౌంటర్ 295 అంటది, సర్వర్ 340 అని తిప్పి పంపుతది. పెద్దాయన మళ్ల ఫోన్ కొడ్తడు.

డల్లాస్_దోసె
ఫెయిర్ పాయింట్. కానీ అలా అని యూజర్‌కి అర్థం కాని లెక్క పెట్టడం కూడా అన్యాయమే కదా, ఒత్తు రాసినందుకు ఫైన్ కట్టించుకున్నట్టు ఉంటుంది. "ఆంధ్ర" రాస్తే ఐదు, "కథ" రాస్తే రెండు, రెండూ రెండక్షరాల మాటలే.

పాత_చింతకాయ
ఇద్దరూ చెప్పింది సబబుగానే ఉంది, కానీ ఇక్కడ తేల్చాల్సింది అందమైన లెక్క ఏదని కాదు. తెర మీద, సర్వర్‌లో, టేబుల్‌లో మూడు చోట్లా ఒకే అంకె వచ్చే లెక్క ఏదో అది పట్టుకోవాలి. కోడ్ పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబరు) లెక్క అలాంటిది. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 కాలమ్‌కి వర్‌క్యార్ 1000 అంటే వెయ్యి కోడ్ పాయింట్లు, పీహెచ్‌పీలో ఎంబీ_స్ట్ర్‌లెన్ ఇచ్చేదీ అవే. పోస్ట్‌గ్రెస్ అయినా పైథాన్ లెన్ అయినా అంతే. జావాస్క్రిప్ట్ ఒక్కటే యూటీఎఫ్-16లో లెక్కపెడుతుంది, తెలుగు వరకూ రెండూ ఒకటే, స్మైలీల దగ్గరే తేడా. స్ట్రింగ్‌ని అరే ఫ్రమ్‌తో విడగొట్టి ఆ అరే లెంగ్త్ తీసుకుంటే ఆ తేడా కూడా పోతుంది.

పీహెచ్‌పీలో ఉత్త స్ట్ర్‌లెన్ మాత్రం వాడొద్దమ్మా, అది బైట్లు లెక్కపెడుతుంది. ఆ కుర్రాడి కోడ్‌లో ఎక్కడైనా సబ్‌స్ట్ర్ అని ఉందేమో కూడా చూడండి, అది కూడా బైట్ల కత్తే.

మరి రచయితకి అన్యాయం జరగకుండా ఏం చెయ్యాలి అంటారా, అంకె పెంచండి. ఆరేడు లైన్లు కావాలి అంటే 600 ఇవ్వండి. ఒత్తులు ఎక్కువ వాడేవాడికీ తక్కువ వాడేవాడికీ ఇద్దరికీ చోటుంటుంది. ట్విట్టర్ వాళ్లదీ ఇలాంటి సర్దుబాటే. 2017లో 280 చేసినప్పుడు చైనీస్, జపనీస్ అక్షరాలకి రెండేసి లెక్కేశారు, తెలుగుకి గుర్తుకి ఒకటి చొప్పున వదిలేశారు. అక్కడా "స్త్రీ"కి ఆరే పోతాయి, అయినా జనం రాసుకుంటున్నారుగా.

టెస్టర్_తాయారు
హాయ్ అండీ, నేను టెస్టింగ్‌లో ఉంటాను కాబట్టి మీరు మెచ్చుకున్న సొల్యూషన్‌ని కాస్త కుళ్లబొడుస్తాను, ఏమీ అనుకోవద్దు :)

సారాంశం బాక్సులో ఎంటర్ కొట్టండి. జావాస్క్రిప్ట్‌కి కొత్త లైను ఒక గుర్తు, కానీ ఫారం సబ్మిట్ అయ్యేటప్పుడు బ్రౌజర్ దాన్ని రెండు గుర్తులుగా మార్చి పంపుతుంది, క్యారేజ్ రిటర్న్ ఒకటి, లైన్ ఫీడ్ ఒకటి. కౌంటర్ సరిగ్గా 600 దగ్గర ఉండి ఆయన ఎనిమిది సార్లు ఎంటర్ కొట్టి ఉంటే సర్వర్‌కి 608 వస్తాయి, రిజెక్ట్. అన్నీ కరెక్టుగా ఉండి ఒక్కోసారే ఎందుకు ఫెయిలవుతోందో తెలీక జుట్టు పీక్కునే బగ్ ఇదే. సర్వర్‌లో ముందు ఆ రెండింటినీ ఒకటి చేసి అప్పుడు లెక్కపెట్టండి.

ఐత్వం సంగతి ఎవరూ అనలేదు. యూనికోడ్‌లో "ై" ఒకే గుర్తుగా ఉంది, ఎత్వం పక్కన ఐత్వపు తోక విడిగా పెట్టినా అదే కనిపిస్తుంది. రెండోరకం ఎక్కడినుంచో కన్వర్ట్ అయి వచ్చిన టెక్స్ట్‌లో దొరుకుతుంది. ఎన్ఎఫ్‌సీ నార్మలైజ్ చేస్తే రెండూ ఒకటవుతాయి, లేకపోతే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు సారాంశాలకి రెండు లెక్కలు. బ్రౌజర్‌లో ఒకచోట, సర్వర్‌లో ఒకచోట, రెండుచోట్లా చెయ్యాలి.

తర్వాత కనపడనివి. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్, వే అతుక్కోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం, అదీ ఒక లెక్క, యూటీఎఫ్-8లో 3 బైట్లు. దాన్ని పనికిరాని చెత్త అనుకుని తీసెయ్యొద్దు, తీస్తే ట కింద వ ఒత్తు వచ్చి చదవలేకుండా తయారవుతుంది. వర్డ్, వాట్సాప్ నుంచి వచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్ ఇంకోటి. జావాస్క్రిప్ట్ ట్రిమ్ దాన్ని తీసేస్తుంది, పీహెచ్‌పీ ట్రిమ్ తియ్యదు. పీహెచ్‌పీ 8.4లో ఎంబీ_ట్రిమ్ వచ్చింది, అది ఉంటే వాడండి. జీరో విడ్త్ స్పేస్‌ని జావాస్క్రిప్ట్ ట్రిమ్ కూడా ముట్టుకోదు, అలాంటివే నాలుగు పేస్ట్ చేసి "కథ పేరు తప్పనిసరి" అన్న చెక్‌ని నేను చాలా సైట్లలో దాటేశాను.

గోదారి_గట్టు
తాయారు గారూ మీరు మా ఫారం చూడకుండానే ఇంత కుళ్లబొడిస్తే, చూస్తే ఏమవుతుందో :) కనీస లెంగ్త్ కూడా పెట్టమంటున్నారు మావాళ్లు. కొందరు సారాంశంలో "కథ చదవండి" అని రాసి పంపుతున్నారు.

టెస్టర్_తాయారు
కనీసం 100 అని పెడితే "కథ చదవండి" తర్వాత చుక్కలు వస్తాయి, 91 చుక్కలు. ఏ ఫారంలో పెట్టినా ఇదే జరుగుతుంది. అది మనుషులు చూసి పక్కన పెట్టాల్సిన విషయం, వదిలెయ్యండి. పెట్టి తీరాల్సిందే అంటే ఒకటి గుర్తుంచుకోండి, మిన్‌లెంగ్త్ ఖాళీ బాక్సుని పట్టుకోదు. ఏమీ రాయకపోతే తక్కువైంది అనదు, రాయడం మొదలెట్టి ఆపితేనే అంటుంది. ఖాళీకి రిక్వైర్డ్ విడిగా పెట్టాలి.

పేరు బాక్సుకి మాత్రం మిన్‌లెంగ్త్ పెట్టొద్దు ప్లీజ్. ఇంటిపేరు కనీసం మూడక్షరాలుండాలి అనే ఫారాలతో మనవాళ్లు పడే అవస్థ మామూలుది కాదు.

డల్లాస్_దోసె
హహ ఆ టాపిక్ ఎత్తొద్దు, రాత్రంతా చెప్తాను. ఇంటిపేరుకి "కె" అని ఒక్క లెటర్‌తో సర్టిఫికెట్లున్నవాళ్లు ఇక్కడ యూనివర్సిటీ ఫారాల్లో, ఇన్సూరెన్స్ ఫారాల్లో "టూ షార్ట్" అని చూసి చూసి కె కె అని రెండుసార్లు కొట్టినవాళ్లు నాకు తెలుసు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు నుంచి కరెంటు బిల్లు దాకా మనిషి పేరే ఎఫ్ఎన్‌యూ.

పాత_చింతకాయ
పొడుగు పేర్ల వైపు కూడా చూడండి. మన మాజీ ప్రధాని పాములపర్తి వెంకట నరసింహారావు గారి పేరు తీసుకుందాం. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటలకి స్పేసులతో కలిపి 34 వస్తాయి. తెలుగులో రాస్తే కోడ్ పాయింట్లు 28, బైట్లు 80. పేరుకి 30 పెట్టిన ఫారంలో తెలుగులో పడుతుంది, ఇంగ్లీషులో పట్టదు. అదే 30 బైట్ల లెక్క అయితే తెలుగులో ఇంటిపేరు దగ్గరే అయిపోతుంది, ఎందుకంటే "పాములపర్తి"లో పది గుర్తులున్నాయి. పాస్‌పోర్టు కింద మెషీన్ చదివే వరసలో పేరుకి 39 గళ్లే ఇస్తారు, అంతర్జాతీయ ప్రమాణమే అంత. అక్కడ ఆయన పేరు 35 గళ్లలో ఇమిడిపోతుంది, ఇంకో తాతగారి పేరు కలిపి పెట్టుకున్నవాళ్లకి చివర తెగుతుంది. పోటీ ఫారానికి పేరు 150 పెట్టెయ్యండి, ఎవడూ అంత రాయడు, రాసినా మీ సొమ్మేం పోయింది.

సీమ_టపాకాయ
ఫోన్ నెంబరు బాక్సుకి ఏం పెట్టినారో చూడు అక్కా. టైప్ నెంబర్ పెట్టి మ్యాక్స్‌లెంగ్త్ 10 రాసింటే అది పన్జెయ్యదు, నెంబర్ టైప్‌కి ఆ అట్రిబ్యూటే వర్తించదు. టైప్ టెల్ పెట్టాల. అది కూడా 10కి బిగించొద్దు, జనం కాంటాక్ట్స్ లోంచి కాపీ చేస్తే ప్లస్ 91, మధ్యలో స్పేసు అన్నీ కలిసొస్తాయి, మ్యాక్స్‌లెంగ్త్ 10 ఉంటే ముందు పది ఉంచుకుని చివరి అంకెలు కోసేస్తాది, తప్పు నెంబరు సేవ్ అయితాది. తీసుకుని, స్పేసులు, దేశం కోడు తీసేసి, అప్పుడు పది ఉన్నాయా అని చూస్కో. పిన్‌కోడ్ 6, ఆధార్ 12 అన్నిటికీ ఇదే కథ. ఆధార్ నాలుగు నాలుగు అంకెలుగా స్పేసుతోనే కార్డు మీద ఉంటాది కదా, జనం అట్లే కొడతారు.

అచ్చుతప్పు
ఇంకో అనుమానం. ఎంట్రీ అందగానే తెలుగులో ఎస్ఎంఎస్ పంపుతారు చాలా పోటీల వాళ్లు. దానికీ ఇదే లెక్కా?

ఓరుగల్లు_కోడర్
ఇంకింత ఇరుకు అన్నా. ఇంగ్లీషు అయితే ఒక మెసేజ్‌కి 160, అందుల ఒక్క తెలుగు గుర్తు పడ్డా మొత్తం మెసేజ్ 70కి పడిపోతది, ఒకటి కన్న ఎక్కువ మెసేజ్‌లుగ విడిపోతే ఒక్కోదాంట్ల 67. కథ పేరు 60 ఉండి దాన్ని మెసేజ్‌ల కలిపితే "మీ కథ అందింది" అనేసరికే రెండో మెసేజ్ పైసలు. కథ పేరు పెట్టకుండ ఎంట్రీ నెంబర్ పెట్టుమను.

గోదారి_గట్టు
అందరికీ చాలా థాంక్సండీ. వారాంతం కూర్చుని చేసింది చెప్తాను, తప్పులుంటే పట్టుకోండి.

టేబుల్ కాపీ మీద ముందు ప్రయత్నించి, వర్‌బైనరీ మీదుగా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాను, నడుం విరిగినవాటి చివరి బైట్లు తీసేశాక ఎర్రర్ లేకుండా అయింది. సారాంశం కాలమ్ 1000, పేరు 150, కథ పేరు 200. కనెక్షన్ మార్చాను, స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేశాను. ఆన్ చెయ్యగానే వేరే పేజీలో ఇంకో ఫారం ఎర్రర్ కొట్టింది, అంటే అక్కడా ఇన్నాళ్లూ చప్పుడు లేకుండా కోస్తున్నట్టే, అది వచ్చే వారం పని.

సారాంశానికి మ్యాక్స్‌లెంగ్త్ తీసేశాను. కింద "ఇంకా 120 మిగిలాయి" అని, దాటితే ఎర్రగా "35 ఎక్కువయ్యాయి, కొంచెం తగ్గించండి" అని వస్తుంది. లిమిట్ 600. కరపత్రంలో అక్షరాల మాట ఎత్తకుండా "ఆరేడు లైన్లు" అని మార్చమన్నాను. సర్వర్‌లో లైన్ ఎండింగులు ఒకటి చేసి, ఎన్ఎఫ్‌సీ చేసి, ట్రిమ్ చేసి, అప్పుడు ఎంబీ_స్ట్ర్‌లెన్. దాటితే రాసింది చెరిపెయ్యకుండా అదే బాక్సులో తిరిగి చూపిస్తున్నాం. తెలుగు గుర్తు ఒక్కటీ లేకపోతే యూనికోడ్ హెచ్చరిక కూడా పెట్టాను అచ్చుతప్పు గారూ, సబ్మిట్‌ని మాత్రం ఆపడం లేదు.

తెగిపోయిన సారాంశాల వాళ్లందరికీ మళ్లీ పంపమని మెయిల్ పెట్టాం, అప్‌లోడ్ చేసిన కథ ఫైలు క్షేమంగానే ఉంది కాబట్టి ఎవరి ఎంట్రీ పోలేదు.

టెస్టర్_తాయారు
బాగుందండీ. రెండు చిల్లర విషయాలు. కౌంటర్‌ని స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకి తెర మీదది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) మారినప్పుడల్లా చదివేలా లైవ్ రీజియన్‌గా పెట్టి ఉంటే ప్రతి గుర్తుకీ "119 మిగిలాయి, 118 మిగిలాయి" అని చదువుతూనే ఉంటుంది, పాపం రాసేవాళ్లకి తమ వాక్యం వినపడదు. టైప్ చెయ్యడం ఆపాక ఓ క్షణం ఆగి చదివించండి, లేదా లిమిట్ దగ్గరపడ్డాకే చదివించండి.

రెండోది, పేరుకీ కథ పేరుకీ మ్యాక్స్‌లెంగ్త్ ఉంచారా? ఉంచితే ఉంచండి గానీ, డ్రాఫ్ట్ సేవ్ చేసుకునే ఆప్షన్ ఉంటే దాంట్లోంచి స్క్రిప్ట్‌తో నింపిన విలువ లిమిట్ దాటినా బ్రౌజర్ నోరెత్తదు. మనిషి చేత్తో మార్చినప్పుడే టూ లాంగ్ అని ఎర్రర్ వస్తుంది. కాబట్టి బ్రౌజర్ ఓకే అంది కదా అని సర్వర్ చెక్ వదలకండి, ఎఫ్12 నొక్కి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఆ అట్రిబ్యూట్ తీసేసేవాళ్లు ఎలాగూ ఉంటారు.

గోదారి_గట్టు
డ్రాఫ్ట్ ఆప్షన్ ఉంది! ఇప్పుడే చూశాను, పాత డ్రాఫ్ట్‌లో 240 ఉన్న కథ పేరు ఒకటి మెల్లగా సబ్మిట్ దాకా వెళ్లి సర్వర్ దగ్గర ఆగింది. అక్కడ "కథ పేరు 200 దాటింది" అనే వచ్చింది కాబట్టి ప్రస్తుతానికి సరే. స్క్రీన్ రీడర్ సంగతి ఇవాళ రాత్రి సరిచేస్తాను.

సీమ_టపాకాయ
240 ఉండే కథ పేరు ఏందక్కా అది, సారాంశం అక్కడే రాసేసినాడా?

గోదారి_గట్టు
అవునండీ, కథ పేరు బాక్సులో సారాంశం, సారాంశం బాక్సులో ఆయన అడ్రసు.